బోనఫైడ్ అసలు ఖరీదెంత?

బోనఫైడ్ సర్టిఫికెట్ చాలా కాలేజీల్లో ఫ్రీ. కొన్నిచోట్ల యాభయ్యో వందో తీసుకుంటారు. అయితే అది ధర మాత్రమే. ఖర్చు వేరే ఉంటుంది, దాన్ని ఎవరూ ఏ రిజిస్టర్‌లోనూ రాయరు.

"ఆఫీసు పనంతా ఆన్‌లైన్ చేసేస్తే కాలేజీకి బోలెడు డబ్బు మిగులుతుంది" అనే మాట మనం చాలాసార్లు వినే ఉంటాం. సీఎస్ఈ వాళ్లం కాబట్టి మనం దాన్ని వెంటనే నమ్మేస్తాం కూడా. మరి మిగిలే ఆ డబ్బు ఎవరిది? ఈ ప్రశ్న పట్టుకుని చూస్తే, మన రాష్ట్రంలో కొన్ని సిస్టమ్స్ ఎందుకు బాగా పనిచేశాయో, కొన్ని ఎందుకు మనల్ని జెరాక్స్ షాపుల చుట్టూ తిప్పుతున్నాయో అర్థమవుతుంది.

ముందు ఒక చిన్న లెక్క వేద్దాం. ఇందులో నంబర్లన్నీ నేను అనుకున్నవి, మీ కాలేజీకి తగ్గట్టు మార్చుకోండి.

కాలేజీలో 3,000 మంది స్టూడెంట్స్. ఒక్కొక్కరికి ఏడాదికి 2 బోనఫైడ్లు కావాలి: స్కాలర్‌షిప్‌కి ఒకటి, బ్యాంకుకో పాస్‌పోర్టుకో ఇంకొకటి. మొత్తం 6,000. మామూలు పద్ధతిలో అయితే రిక్వెస్ట్ లెటర్ రాయాలి (రెస్పెక్టెడ్ సార్ దగ్గర మొదలై థాంకింగ్ యూ దగ్గర ఆగేది), హెచ్‌ఓడీ సంతకం పెట్టించాలి, అకౌంట్స్‌లో ఫీజు బకాయి లేదని రాయించుకోవాలి, ఆఫీసులో ఇవ్వాలి. అక్కడ అడ్మిషన్ రిజిస్టర్ తీసి, పేరు చూసి, టైప్ చేసి, ప్రిన్సిపాల్ గారి సంతకానికి పంపి, స్టాంపు వేస్తారు. ఆఫీసు వాళ్ల టైమ్ ఒక్కోదానికి 10 నిమిషాలు అనుకుందాం. 60,000 నిమిషాలంటే 1,000 గంటలు. ఒక ఉద్యోగి ఏడాదికి సుమారు 2,000 గంటలు పనిచేస్తే, ఇది సగం మనిషి పని. నెల జీతం 20,000 అయితే ఏడాదికి 2,40,000, అందులో సగం 1,20,000. కాగితం, ఇంకు ఒక్కోదానికి 2 రూపాయలు వేసుకుంటే ఇంకో 12,000. అంటే కాలేజీకి మొత్తం ఖర్చు 1,32,000. ఒక్కో బోనఫైడ్‌కి 22 రూపాయలు.

ఇప్పుడు మన వైపు. లెటర్ ఇవ్వడానికి ఒకసారి, తీసుకోవడానికి ఒకసారి తిరగాలి ("సార్ మీటింగ్‌లో ఉన్నారు, రేపు రా" అనేది నేను లెక్కలో వేయలేదు). ఒక్కోసారి 45 నిమిషాలు. 6,000 బోనఫైడ్లకి 9,000 గంటలు. మనలో ఎవరైనా సాయంత్రం చిన్నపిల్లలకి ట్యూషన్ చెప్పుకుంటే గంటకి 50 రూపాయలు వస్తాయనుకోండి, ఆ గంటల విలువ 4,50,000. ఒక్కో బోనఫైడ్‌కి 75 రూపాయలు.

కాలేజీకి 22, మనకి 75. అసలు విషయం ఇక్కడే ఉంది. ఖర్చులో పెద్ద ముక్క కాలేజీ లెక్కల పుస్తకంలో ఉండదు. ఏడాదికి లక్ష రూపాయలు పెట్టి సాఫ్ట్‌వేర్ కొంటే మేనేజ్‌మెంట్‌కి మిగిలేది 32,000 మాత్రమే. అదీ ఆ సగం మనిషి టైమ్‌ని నిజంగా వేరే పనికి వాడితేనే. జీతం ఎలాగూ ఇవ్వాల్సిందే కదా, సగం మనిషిని ఎవరూ తీసేయలేరు. అందుకే చాలా కాలేజీలు ఈ విషయంలో తొందరపడవు. నాకు అది బద్ధకంగా అనిపించదు. వాళ్ల వైపు నుంచి చూస్తే లెక్క అలాగే వస్తుంది. స్టూడెంట్ టైమ్‌కి విలువ కట్టినప్పుడే ఆటోమేషన్ లాభం పెద్దగా కనిపిస్తుంది.

ఇంకో సంగతి. బోనఫైడ్‌ని ఆన్‌లైన్‌లో అప్లై చేసుకుని, పీడీఎఫ్ ప్రింట్ తీసి, స్టాంపు కోసం మళ్లీ ఆఫీసుకి వెళ్లాలంటే ఆ 9,000 గంటల్లో తగ్గేది దాదాపు ఏమీ లేదు. సాఫ్ట్‌వేర్ ఖర్చు మాత్రం పెరిగింది.

కాలేజీ వైపు నిజంగా డబ్బు మిగిలే చోటు ఇంకొకటి ఉంది. అది కాగితం దగ్గర కాదు, ఒకే సమాచారాన్ని పదిసార్లు టైప్ చేయడం దగ్గర. మన పేరు, పుట్టినతేదీ, కేటగిరీ, బ్రాంచి అడ్మిషన్ రోజు ఒకసారి ఎక్కుతాయి. తర్వాత యూనివర్సిటీ పోర్టల్‌లో, స్కాలర్‌షిప్ సైట్‌లో, కేంద్ర ప్రభుత్వం ఏటా చేసే ఉన్నత విద్య సర్వే ఐషేలో (ఇది 2010-11 నుంచి ఉంది), ఏఐసీటీఈ అనుమతుల్లో, ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగ్‌లో, న్యాక్ రిపోర్టులో, ఎన్‌బీఏ ఫైళ్లలో. ప్రతి చోటా ఫార్మాట్ వేరు. న్యాక్ టీమ్ వచ్చే ముందు మన ఫ్యాకల్టీ క్లాసులు పక్కనపెట్టి ఎక్సెల్ షీట్లు నింపుతుంటే చూసే ఉంటారు. ఆ గంటలు క్లర్క్ గంటలు కావు, పీహెచ్‌డీ చేసిన మేడమ్ గంటలు. వాటి రేటు ఎక్కువ.

దీనికి మందు డీబీఎంఎస్ సబ్జెక్టులో మొదటి యూనిట్‌లోనే ఉంది: ఒక సమాచారం ఒక్కచోటే ఉండాలి, మిగతావాళ్లు దాన్ని చూసి తీసుకోవాలి. ఎస్టోనియా ప్రభుత్వం ఎక్స్‌రోడ్ అనే వ్యవస్థతో 2001 నుంచి ఇదే చేస్తోంది. పౌరుడు ఒక ఆఫీసుకి ఒకసారి చెప్పిన విషయాన్ని ఇంకో ఆఫీసు మళ్లీ అడగకూడదన్నది అక్కడి సూత్రం.

అంతదూరం ఎందుకు, మన హాల్‌టికెట్ నంబరే తీసుకోండి. జేఎన్‌టీయూహెచ్ కాలేజీల్లో అది 10 అక్షరాలు. మొదటి రెండూ చేరిన సంవత్సరం, తర్వాత రెండూ కాలేజీ కోడ్, తర్వాత 1ఏ అంటే రెగ్యులర్, 5ఏ అంటే లేటరల్ ఎంట్రీ. ఆపైన బ్రాంచి: 05 సీఎస్ఈ, 04 ఈసీఈ, 03 మెకానికల్. చివరి రెండూ సీరియల్ నంబర్. రెండే స్థానాలు కాబట్టి 99 అయ్యాక ఏ0, ఏ1 అని మొదలవుతుంది. కంప్యూటర్ లేకుండా కాగితం మీద చూసినా ఈ నంబర్ మన గురించి చాలా చెప్పేస్తుంది. ఇంత చక్కటి ప్రైమరీ కీ చేతిలో ఉంది. కానీ అది యూనివర్సిటీ గడప దాటితే పనికిరాదు. ఇంటర్ బోర్డుకి ఇంకో నంబర్, ఎస్సెస్సీకి ఇంకోటి, ఆధార్ ఇంకోటి. ఇవన్నీ కలిపే కీ లేనప్పుడు సిస్టమ్స్ పేరుతో పోల్చుకుంటాయి. తెలుగు పేర్లతో అది ఎంత కష్టమో మనకి తెలిసిందే. లక్ష్మి ఒకచోట ఎక్స్‌తో, ఇంకోచోట కె-ఎస్-హెచ్‌తో. ఇంటిపేరు ఎస్సెస్సీ మెమోలో ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తిగా, పాస్‌పోర్టులో విడిగా. సాయికుమార్ ఒకచోట ఒక మాట, ఇంకోచోట రెండు. మనిషి చూస్తే ఒక్కరే అని చెప్పేస్తాడు. కంప్యూటర్ మాత్రం "నేమ్ మిస్‌మ్యాచ్" అని ఎర్రగా చూపించి ఊరుకుంటుంది. ఆ ఎర్ర అక్షరాలు పోగొట్టడానికి అయ్యే బస్సు చార్జీలు, అఫిడవిట్లు, నోటరీ ఖర్చు అంతా ఇంట్లోవాళ్లదే.

మన రాష్ట్రంలో ఈ లెక్క సరిగ్గా కుదిరిన ఉదాహరణగా నేను డోస్ట్‌ని చెప్తాను. మనం ఎప్‌సెట్‌లో వచ్చాం కాబట్టి మనలో చాలామందికి దాని అవసరం రాలేదు, కానీ బీఏ, బీకాం, బీఎస్సీ చేసే మన ఇంటర్ ఫ్రెండ్స్‌ని అడగండి. 2016కి ముందు డిగ్రీలో చేరాలంటే ఏ కాలేజీకి ఆ కాలేజీయే అప్లికేషన్ అమ్మేది. నాలుగు కాలేజీలు అనుకుంటే నాలుగు ఫారాలు, నాలుగు ఫీజులు, నాలుగు ప్రయాణాలు. ఆదిలాబాద్ నుంచో నారాయణపేట నుంచో హైదరాబాద్ వచ్చి చదవాలనుకునే వాళ్లకి చేరకముందే వేలల్లో ఖర్చు. పైగా ఒకచోట ఒరిజినల్ టీసీ ఇచ్చేశాక ఇంకోచోట మంచి సీటు వస్తే, దాన్ని వెనక్కి తెచ్చుకోవడం ఒక యుద్ధం.

2016లో రాష్ట్ర ఉన్నత విద్యామండలి డోస్ట్ మొదలుపెట్టింది. ఉస్మానియా, కాకతీయ, తెలంగాణ, పాలమూరు, శాతవాహన, మహాత్మాగాంధీ యూనివర్సిటీల పరిధిలో డోస్ట్‌లో చేరిన కాలేజీలకి ఒకే అప్లికేషన్. మొదటి విడత రిజిస్ట్రేషన్ 200 రూపాయలు. వెబ్ ఆప్షన్లు పెట్టుకోవాలి, మెరిట్, రిజర్వేషన్ ప్రకారం సీటు వస్తుంది. ఇంటర్ మార్కులు బోర్డు డేటా నుంచే వస్తాయి, మనం టైప్ చేయక్కర్లేదు. 2020 నుంచి టీ యాప్ ఫోలియోలో సెల్ఫీ దిగితే, ముఖం పోల్చి రిజిస్ట్రేషన్ పూర్తిచేసే సౌకర్యం కూడా వచ్చింది. దాంతో వేలిముద్ర కోసం మీసేవకి వెళ్లే పని చాలామందికి తప్పింది.

ఇక్కడ మిగిలిన డబ్బు ఎక్కువగా స్టూడెంట్‌దీ, వాళ్ల అమ్మానాన్నలదీ. ప్రభుత్వానికీ ఒక లాభం ఉంది. ఏ కాలేజీలో ఎన్ని సీట్లు నిండాయో, ఏ కోర్సుని ఒక్కరూ ఎంచుకోలేదో ఒకే స్క్రీన్ మీద కనిపిస్తుంది. కాగితాల కాలంలో ఆ లెక్క కాలేజీ చెప్పిందే. నష్టపోయింది ఎవరంటే అప్లికేషన్ ఫారాలు అమ్ముకునే కాలేజీలు. ఎవరో ఒకరికి నష్టం లేకుండా ఖర్చు తగ్గడం అరుదు.

ఇప్పుడు దీని పక్కన ఈ-పాస్‌ని పెట్టి చూడండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకునే ప్రతి ఒక్కరికీ ఇది తెలుసు. వివరాలు ఆన్‌లైన్‌లో నింపాలి. అదే ప్రింట్ తీయాలి. దానికి కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, మెమోలు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ జెరాక్సులు జతచేసి కాలేజీలో ఇవ్వాలి. ఇందులో కుల, ఆదాయ సర్టిఫికెట్లు ఇచ్చింది మీసేవ ద్వారా ప్రభుత్వమే. మెమో ఇచ్చింది ప్రభుత్వ బోర్డే. ప్రభుత్వం ఇచ్చిన కాగితాన్ని జెరాక్స్ తీసి మళ్లీ ప్రభుత్వానికే ఇస్తున్నాం. టైపింగ్ పని గుమాస్తా దగ్గర నుంచి మన దగ్గరికి వచ్చింది, కాగితం ఉన్నచోటే ఉంది.

సోమాజిగూడ నుంచి అమీర్‌పేట వైపు నడిస్తే ఈ ఖర్చు కళ్లముందే కనిపిస్తుంది. మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో కోచింగ్ బోర్డుల కింద జెరాక్స్, లామినేషన్, "ఆన్‌లైన్ అప్లికేషన్లు నింపబడును" అని రాసిన షాపులు. ఇంట్లో లాప్‌టాప్ లేనివాళ్లు, ఇంగ్లిష్‌లో ఉన్న ఫారం చూసి భయపడేవాళ్లు అక్కడ డబ్బులిచ్చి నింపించుకుంటారు. ఆ షాపుల అన్నల్ని నేను తప్పుపట్టను, నిజానికి చాలా వెబ్‌సైట్లకి కస్టమర్ కేర్ వాళ్లే. ఆఫీసులో ఒక కౌంటర్ తగ్గించి మిగుల్చుకున్న జీతం ఇక్కడ యాభైలుగా, వందలుగా మన జేబుల్లోంచి పోతోంది. ఏ డిపార్ట్‌మెంట్ రిపోర్టులోనూ ఈ లెక్క రాదు.

(ఈ-పాస్ విషయంలో ఇంకోటి కూడా చెప్పాలి. రీయింబర్స్‌మెంట్ డబ్బు ప్రభుత్వం నుంచి ఆలస్యమైతే కోర్సు అయిపోయినా సర్టిఫికెట్లు ఆపేసే కాలేజీలు ఉన్నాయి. అది డబ్బు సమస్య, రికార్డుల సమస్య కాదు. ఎంత గొప్ప సాఫ్ట్‌వేర్ పెట్టినా తీరదు.)

అసలు సర్టిఫికెట్టే అక్కర్లేకుండా చేస్తే? ఆర్టీసీ స్టూడెంట్ పాస్ చూడండి. మనం ఆన్‌లైన్‌లో అప్లై చేస్తే వివరాలు కాలేజీ లాగిన్‌కి వెళ్తాయి, కాలేజీ అప్రూవ్ చేస్తుంది, కౌంటర్‌లో పాస్ ఇస్తారు. "ఈ అబ్బాయి మా స్టూడెంటే" అన్న ఒక్క విషయం కాగితం మీద కాకుండా ఒక క్లిక్‌తో చేరిపోయింది. బోనఫైడ్ వేగంగా ప్రింట్ చేయడం కన్నా ఇది చాలా మేలు.

డిగ్రీలు, మెమోల విషయంలో అదే పని డిజిలాకర్‌తో జరుగుతోంది. 2015లో డిజిలాకర్ వచ్చింది. నేషనల్ అకడమిక్ డిపాజిటరీ 2020 నుంచి దాని మీదే నడుస్తోంది. అందులో యూనివర్సిటీ పెట్టిన డిగ్రీ చట్టప్రకారం ఒరిజినల్‌తో సమానం. 2021లో యూజీసీ అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ తెచ్చింది, మన సెమిస్టర్ క్రెడిట్లు అందులో జమవుతాయి. 2022లో తెలంగాణ ఉన్నత విద్యామండలి స్టూడెంట్ అకడమిక్ వెరిఫికేషన్ సర్వీస్ అనే పోర్టల్ మొదలుపెట్టింది. కంపెనీలూ విదేశీ యూనివర్సిటీలూ మన డిగ్రీ అసలైనదో కాదో అందులోనే చూసుకోవచ్చు. ఫేక్ సర్టిఫికెట్ల కేసుల గురించి మనం పేపర్లో చదువుతూనే ఉంటాం. వాటివల్ల నిజంగా చదివినవాళ్లకి కూడా వెరిఫికేషన్ పేరుతో జాయినింగ్ ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యం ఒక నెల జీతమంత ఖరీదు కావచ్చు. కాబట్టి వీటిలో మిగులు బోనఫైడ్‌లో కన్నా చాలా పెద్దది.

ఇంతవరకు అంతా లాభం గురించే. ఇప్పుడు రెండో వైపు చూడాలి, ఎందుకంటే అది జరిగింది మన రాష్ట్రంలోనే, మనం హైస్కూల్లో ఉన్నప్పుడు.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాయి. 9 లక్షలకు పైగా రాశారు, 3 లక్షలకు పైగా ఫెయిల్ అయ్యారు. ఫలితాల ప్రాసెసింగ్ ఆ ఏడాది ఒక ప్రైవేట్ సంస్థ కొత్త సాఫ్ట్‌వేర్‌తో చేసింది. పరీక్ష రాసినవాళ్లకి ఆబ్సెంట్ అని వచ్చింది. ఫస్టియర్‌లో మంచి మార్కులొచ్చిన ఒక అమ్మాయికి సెకండియర్ తెలుగులో సున్నా వచ్చింది. తీరా చూస్తే ఆమెకి వచ్చింది 99. పేపర్ దిద్దినవాళ్లు బబ్లింగ్‌లో తప్పు చేశారు, సరిచూడాల్సినవాళ్లు పట్టుకోలేదు, సాఫ్ట్‌వేర్ ఆ సున్నాని అలాగే ప్రింట్ చేసింది. ఆ ఫలితాల తర్వాతి రోజుల్లో 20 మందికి పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. ప్రభుత్వం త్రిసభ్య కమిటీ వేసింది, అటు బోర్డులోనూ ఇటు సంస్థలోనూ లోపాలున్నాయని కమిటీ చెప్పింది. ఫెయిలైన వాళ్లందరి పేపర్లూ ఫ్రీగా రీవెరిఫై చేశారు. వెయ్యి మందికి పైగా పాసైనట్టు తేలింది.

దీన్నిబట్టి కంప్యూటర్ వద్దు, చేత్తోనే రాసుకుందాం అని నేను అనను. చేతిరాతలో కూడా 99 సున్నా అవుతుంది. నాకు బాధేసేది ఏంటంటే, ఆ తప్పుని పట్టుకోవడానికి కావాల్సిన డేటా బోర్డు దగ్గరే ఉంది. ఫస్టియర్‌లో 90 దాటి, సెకండియర్ అదే సబ్జెక్టులో 10 లోపు వచ్చినవాళ్ల లిస్టు తీయాలంటే మన ల్యాబ్‌లో రాసే సైజు ఎస్‌క్యూఎల్ క్వెరీ చాలు. ఆ లిస్టులో ఉన్న పేపర్లని ఫలితాలకి ముందే ఇద్దరు మనుషులు తీసి చూస్తే సరిపోయేది. అలాగే కొత్త సిస్టమ్ పెట్టిన మొదటి ఏడాది పాత పద్ధతిలో కూడా లెక్క చేసి రెండూ పోల్చడాన్ని ప్యారలల్ రన్ అంటారు. అది డబల్ ఖర్చు. కానీ ఆటోమేషన్‌లో మిగిలే డబ్బులో మొదటి వాటా ఖర్చుపెట్టాల్సింది అక్కడే. దాన్ని మిగులు కింద చూపిస్తే, అది మిగులు కాదు, అప్పు. తీర్చేది ఆఫీసు కాదు, స్టూడెంట్.

మన కాలేజీ ఈఆర్‌పీకి కూడా ఇది వర్తిస్తుంది. అటెండెన్స్ యాప్‌లో ఒక పీరియడ్ తప్పుపడితే చిన్న విషయమే అనిపిస్తుంది, కానీ 75 శాతం గీత దగ్గర ఉన్నవాడికి అది కండోనేషన్ ఫీజు. రిజిస్టర్ ఉన్నప్పుడు సార్ దగ్గరికి వెళ్లి "సార్, ఆ రోజు నేను ఉన్నాను" అంటే ఆయన పేజీ తిప్పి, దిద్ది, పక్కన సంతకం పెట్టేవారు. ఇప్పుడు "సిస్టమ్ లాక్ అయిపోయింది, నా చేతుల్లో లేదు" అనే మాట ఎక్కువగా వినిపిస్తోంది. లాక్ ఉండటం మంచిదే, లేకపోతే ఎవరైనా ఏదైనా మార్చేస్తారు. కానీ లాక్ పెట్టినవాళ్లే తాళం ఎవరి దగ్గర ఉందో కూడా చెప్పాలి: తప్పుని ఎవరికి చెప్పాలి, ఎన్ని రోజుల్లో దిద్దుతారు, ఎవరు ఎప్పుడు మార్చారో రికార్డు ఉంటుందా. కొత్త పోర్టల్ డెమోకి స్టూడెంట్ రిప్రజెంటేటివ్స్‌ని పిలిచినప్పుడు రంగులు, లోగో గురించి కాకుండా ఈ మూడూ అడగండి.

మన చేతిలో ఉన్న పని కూడా ఒకటుంది. ఎస్సెస్సీ మెమో, ఆధార్, అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఐడీ మూడింటినీ పక్కపక్కన పెట్టి పేరు, పుట్టినతేదీ అక్షరం అక్షరం పోల్చుకోండి. ఎక్కువగా తేడా ఉండేది ఆధార్‌లో, దాన్ని దిద్దించుకోవడం మిగతావాటికన్నా తేలిక. ఎస్సెస్సీ మెమోలోనే తప్పుంటే చదివిన స్కూల్ హెడ్‌మాస్టర్ ద్వారా వెళ్లాలి, దానికి టైమ్ పడుతుంది. మూడో సంవత్సరం అయిపోయేలోపు చూసుకుంటే నయం, ప్లేస్‌మెంట్ డ్రైవ్‌ల మధ్యలో ఆ స్కూల్ చుట్టూ తిరగడం కుదరదు.